స్వగ్రామం అనే గడి

కాంప్లెక్స్‌లో తెల్లారుఝామున అయిదింటి బస్సెక్కాం,
ఎర్నిబాబూ నేనూ.
వీపున చెరో బేగు, చెరో పన్నెండు కిలోలు.
వాడి బేగు జిప్పుకి వాళ్ళమ్మ కట్టిన నల్లతాడు.
కొండల్లో దిష్టికంటే పెద్దవి ఉంటాయని
ఆమెకి మేం చెప్పలేదు.

నర్సీపట్నం దాటాక చలి మొదలైంది.
చెక్‌పోస్టు దగ్గర బస్సాపి
మమ్మల్నిద్దర్నే దించారు.
సామానంతా టార్పాలిన్ మీద పరిచి
మాకన్నా చిన్నవాడొక కానిస్టేబులు
ఒక్కొక్కటే ఎత్తి అడిగాడు:
ఇన్ని పెన్సిల్ సెల్స్ ఎందుకు?
ఇంత తాడెందుకు?
ఇద్దరు మనుషులకి ఇరవై జ్వరం బిళ్ళలా?
చూడ్డానికొచ్చాం సార్, అన్నాను.
ఏం చూడ్డానికి?
నాకు నిజంగానే తెలీదు.
వలిసెపూలు, అన్నాడు ఎర్నిబాబు.
కానిస్టేబులు నవ్వాడు. ముందుపన్ను విరిగి ఉంది.

తర్వాత రిజిస్టరు.
పేరు, తండ్రి పేరు, వృత్తి, స్వగ్రామం.
నేను గబగబా నింపేశాను.
వాడు చివరి గడి దగ్గర పెన్ను ఆపి
చిన్న గీత గీశాడు.

పూలున్నాయి, అబద్ధం కాదు.
వాలు వాలంతా పసుపు ఆరబోసినట్టు.
ఆ పసుపు మధ్యలో సగం కూల్చిన స్థూపం,
దాని నీడలో మేక ఒకటి నెమరేస్తోంది.
ఫోటో తియ్యబోతే ఎర్నిబాబు నా చెయ్యి కిందికి దించాడు.

ఆ ఊరి పేరు రాయను.
రాస్తే ఎవరో ఒకరు వెళ్తారు.
మేం అడుగుపెట్టగానే
దంపుతున్న రోకలి గాల్లోనే ఆగింది.
వీపు మీద బరువుతో ఆ దారిన వచ్చేవాళ్ళు
రెండు రకాలేనట:
పగటివాళ్ళు, రాత్రివాళ్ళు.
పొద్దువాలే వేళకి చేరిన మేం
ఏ లెక్కకీ అందలేదు.
పాంగి లైకోన్ తాత మా ముఖాలు చూడలేదు.
కాలెత్తి బూటు అడుగు చూపించమన్నాడు.
వేలితో ఆ గాళ్ళన్నీ తడిమి
ఇవి ఇక్కడి జాడలు కావులే అని
అప్పుడు కూర్చోమన్నాడు.
అడ్డాకు దొప్పల్లో చోడంబలి పోశారు.

మంట దగ్గర అడిగాడు, మీదే ఊరు బాబూ?
విశాఖపట్నం, ఇద్దరి తరఫునా నేనే చెప్పాను.
అది పట్నం. ఊరు అడుగుతున్నా.
ఎర్నిబాబు చాలాసేపు నిప్పులు కెలికాడు.
మా ఊరు స్టీలుప్లాంటు కింద ఉంది తాతా.
మా కళ్ళంలో ఇప్పుడు గొట్టాలు.
నాన్నకి ఆర్ కార్డిచ్చారు, ఉద్యోగమన్నారు.
కార్డు ఇంకా ఉంది, ప్లాస్టిక్ కవర్లో.
నాన్న లేడు.

ఏడేళ్ళు ఒకే బండి మీద తిరిగాం.
నాతో అనలేదు ఎప్పుడూ.

తాత ఆశ్చర్యపోలేదు.
ఎదురుకొండ వైపు గడ్డంతో చూపించాడు.
దీని కడుపులో మట్టికి ఖరీదుందంట.
రాళ్ళ మీద నెంబర్లేసి పోయారు.
అంతే, అంబలి గిన్నె అడుగు నాకి లేచాడు.
కొండ చీకట్లో మామూలుగానే ఉంది.

అర్ధరాత్రి కుక్కలు మొరిగి, ఠక్కున ఊరుకున్నాయి.
ఊరి అంచున ఎవరో నడిచివెళ్తున్నారు.
చాలామంది. మాటల్లేవు.
పగటివాళ్ళో, రాత్రివాళ్ళో.
గుడారంలో ఎర్నిబాబు నా మణికట్టు పట్టుకున్నాడు,
వాడి నాడో నాదో కొట్టుకుంటూనే ఉంది.
తెల్లారేసరికి వాగుదారి నిండా అచ్చులు.
ఒక ముసలమ్మ వచ్చి, రోజూ వాకిలి ఊడ్చినట్టే,
కొండచీపురుతో వాటిని ఊడ్చేసింది.
మావి కూడా.

దిగేటప్పుడు అదే చెక్‌పోస్టు, అదే విరిగిన పన్ను.
పూలు చూశారా? చూశాం సార్.
ఎర్నిబాబు రిజిస్టరు వెనక్కి తిప్పి
గీత మీద దిద్ది దిద్ది
మూడక్షరాల పేరు రాశాడు.
ఎక్కడుందిది, మ్యాపులో కనిపించదే?
ముందు రాసి ఉంచండి సార్, అన్నాడు,
ఎక్కడో తర్వాత చూద్దాం.

మా గాజువాక మేడ మీంచి
ప్లాంటులో స్లాగ్ పోసినప్పుడల్లా
ఆ వైపు ఆకాశం భగ్గున ఎర్రబడుతుంది.
ఇదివరకు ఫోటోలు తీసేవాణ్ణి.